పడవకు ముందు చలికాలం చూడాలి

మధ్యధరా సముద్రంలో సొంత పడవ అనగానే మనవాళ్ళలో చాలామందికి లక్షాధికారుల వ్యవహారం గుర్తుకొస్తుంది. మాది అటువంటిది కాదు. మూడు కుటుంబాలవాళ్ళం కలిసి చందాలు వేసుకుని కొన్న పాత తెరచాప పడవ. పొడవు 34 అడుగులు. లోపల ఆరుగురు పడుకోవచ్చు, ఏడో మనిషి వస్తే సర్దుకోవాలి. ప్రస్తుతం ఇంగ్లండు దక్షిణ తీరాన వుంది. వచ్చే వసంతంలో దాన్ని లారీ మీద మధ్యధరా చేర్చాలని నిశ్చయించుకున్నాం. సముద్రం మీదే తీసుకుపోవచ్చు గాని, బిస్కే అఖాతం, పోర్చుగల్ తీరం, జిబ్రాల్టర్ దాటడానికి వారాలు పడుతుంది. పైగా 2020 నుంచి ఆ దారిలో ఓర్కా తిమింగిలాలు చిన్న పడవల చుక్కానులు విరగ్గొడుతున్నాయి. ఫ్రాన్సు కాలువల్లో పోవాలంటే వంతెనలు తగలకుండా తెరచాప కొయ్య దించుకోవాలి. ఆస్పత్రి ఉద్యోగాల వాళ్ళకి అంత సెలవు ఎవరిస్తారు?

ఇక మిగిలింది ఎక్కడికి చేర్చాలన్న ప్రశ్న. దీనిమీద మూడు ఇళ్ళలోనూ చాలా ఆదివారాలు చర్చ జరిగింది. సంఘంలో మరికొందరు కూడా ఇటువంటి ఆలోచనలో వున్నట్టు తెలిసింది కనుక, మాకు తేలిన విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఒక చిన్న లెక్క. యేడాదికి 52 వారాలు. ఒక్కొక్క కుటుంబానికి దొరికేది రెండు మూడు వారాల సెలవు. ముగ్గురివీ కలిపినా ఎనిమిది తొమ్మిది వారాలు మించవు. తక్కిన 43 వారాలూ పడవ ఒంటరిగా వుంటుంది. అందుచేత "వేసవిలో ఎక్కడ తిరగాలి?" అన్నది రెండో ప్రశ్న. "చలికాలం ఎక్కడ వుంచాలి?" అన్నదే మొదటిది. పటం ముందేసుకుని అందమైన దీవులు ఎంచుకోవడం సులువే. కాని పడవ ఎక్కడ క్షేమంగా నిద్రపోతుందో ఆ చుట్టుపక్కల రెండు వందల మైళ్ళే మన వేసవి సముద్రం. అంతకు మించి వెళితే సెలవంతా రావడానికీ పోవడానికే సరిపోతుంది.

ఈ విషయం పాతవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. నవంబరు 11 నుంచి మార్చి 10 వరకు సముద్రం మూసివున్నట్టే లెక్క అని వెగీషియస్ అనే రోమన్ రచయిత రాశాడు. అంతకు చాలా ముందే గ్రీకు కవి హెసియడ్, చలికాలంలో పడవని ఒడ్డుకి లాగి, చుట్టూ రాళ్ళు పేర్చి, వాన నీళ్ళు నిలిచి చెక్క కుళ్ళకుండా అడుగున బిరడా తీసెయ్యమన్నాడు. చుక్కాని ఇంటికి తెచ్చి పొయ్యి పొగ మీద వేలాడదియ్యమన్నాడు.

మనలో క్రైస్తవ కుటుంబాలకి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెలిసేవుంటుంది. అది కూడా చలికాలపు రేవు గురించిన తగువే. పౌలును ఖైదీగా రోముకి తీసుకుపోతున్న ఓడ క్రేతు దీవికి దక్షిణాన, తెలుగు బైబిలులో మంచిరేవులు అని పేరున్న చోట ఆగింది. ఆ రేవు చలికాలానికి పనికిరాదనీ, పడమరగా వున్న ఫీనిక్సు చేరుకోవాలనీ ఓడ యజమాని, నావికుడు అన్నారు. కదలవద్దని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి యజమాని మాటే విన్నాడు. పెనుగాలి ఓడని లాక్కుపోయి మెలితే దీవి దగ్గర, అంటే ఇప్పటి మాల్టా దగ్గర, ముక్కలు చేసింది. 276 మందీ ప్రాణాలతో ఒడ్డు చేరారు. మూడు నెలలయ్యాక వాళ్ళు మళ్ళీ ప్రయాణం సాగించింది, అదే దీవిలో చలికాలం గడిపిన మరో అలెక్సంద్రియ ఓడ మీద. చోటు చూసుకుని ఆగిన ఓడ వసంతంలో బయలుదేరింది, చోటు కోసం వెతుక్కుంటూ పోయింది మునిగింది. మొత్తం శాస్త్రం ఇందులోనే వుంది.

ఇక గాలుల సంగతి. మధ్యధరా ఒకే సముద్రమైనా వాతావరణం ఒకటి కాదు. ఫ్రాన్సులో రోన్ నది లోయ వెంట దిగివచ్చే మిస్ట్రల్ గాలి లయన్ అఖాతాన్ని కల్లోలం చేస్తుంది. అది చలికాలంలోనూ వసంతంలోనూ మరీ ఉధృతం. ఏడ్రియాటిక్ తూర్పు తీరంలో కొండల మీదనుంచి బోరా అనే చల్లగాలి హఠాత్తుగా కిందికి దూకుతుంది. దక్షిణాన సహారా నుంచి సిరోకో వీస్తుంది. దానితోపాటు ఎర్రటి దుమ్ము వస్తుంది. ఆ సమయంలో వాన పడితే పడవలన్నీ ఇటుకరంగు తిరుగుతాయి.

వేసవికి ముఖ్యమైనది మెల్టెమి. గ్రీసుకీ టర్కీకీ నడుమనున్న ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి వీచే గాలి ఇది. ఆకాశంలో మబ్బు తునక వుండదు. గాలి మాత్రం బోఫోర్ట్ కొలతలో 5, 6 వుంటుంది. 6 అంటే గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు. ఒక్కొక్కసారి అంతకు మించి, రోజుల తరబడి ఆగకుండా వీస్తుంది. దీనికి మన రుతుపవనాలతో చుట్టరికముంది. మన నైరుతి గాలిని లాగే వేసవి అల్పపీడనం ఉత్తర హిందూస్థానం నుంచి ఇరాన్ మీదుగా టర్కీ దాకా చేయి చాస్తుంది. అటు బాల్కన్ దేశాల మీద అధికపీడనం. ఈ రెంటి మధ్య ఏజియన్ ఒక కొలిమితిత్తి అవుతుంది. మనకు వానలు కురిసే కాలంలోనే అక్కడ ఈ పొడి గాలి కొట్టడం కాకతాళీయం కాదన్నమాట.

మనబోటివాళ్ళకి వచ్చిన చిక్కు ఇక్కడే. ఇంగ్లండులో బడి సెలవులు జూలై చివర మొదలై ఆగస్టంతా వుంటాయి. సరిగ్గా మెల్టెమి బలంగా వీచే రోజులవే. ఉద్యోగ విరమణ చేసినవారు మే, జూన్, సెప్టెంబరు నెలల్లో ఏజియన్ దీవులు హాయిగా చూసి రావచ్చు. పిల్లలున్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. మేము ఒక ఆగస్టులో అద్దె పడవ మీద సైక్లాడీస్ దీవుల్లో మూడు రోజులు ఒకే గట్టుకి కట్టుకుని కూర్చున్నాం. పిల్లలు పేకముక్కలు అరిగేదాకా ఆడారు.

గ్రీసుకి పడమటి వైపునున్న అయోనియన్ సముద్రం స్వభావం వేరు. అక్కడ వేసవిలో మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. చాలా రోజులు 3, 4 మాత్రమే, అప్పుడప్పుడు 5. పొద్దుగూకేసరికి దానంతటదే పడిపోతుంది. ఉదయం పిల్లలు ఈత కొట్టుకోవచ్చు, మధ్యాహ్నం తెరచాప ఎత్తి రెండు మూడు గంటలు పోవచ్చు, సాయంత్రానికి ఇంకో ఊరు. లెఫ్కాడా, మెగనీసి, ఇథాకా, కెఫలోనియా దీవులు ఒకదానికొకటి అంత దగ్గర. ఒడిస్సియస్ ఇరవై యేళ్ళకి తిరిగి చేరిన ఇల్లు ఇథాకాలోనే అంటారు. కెఫలోనియా ఉత్తరపు కొనన వున్న ఫిస్కార్డో అనే చిన్న రేవులో పాత ఇళ్ళు కనిపిస్తాయి. 1953 ఆగస్టు భూకంపంలో ఆ దీవుల్లో ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టమైతే, ఈ ఊరు చాలావరకు నిలిచింది.

తర్వాత కాగితాలు. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు వున్నవారు కూడా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి వుండకూడదు. క్రొయేషియా కూడా 2023 జనవరి 1న ఆ జాబితాలో చేరింది. 2025 అక్టోబరు 12 నుంచి ముద్రలకు బదులు వేలిముద్రలు, ఫొటోలతో లెక్క కట్టే పద్ధతి మొదలైంది. ఒకటి రెండు రోజులు ఎవరూ గమనించరులే అనుకోవడానికి ఇక వీల్లేదు. అయితే మాకు మొత్తం సెలవే తొంభై రోజులు లేదు కనుక ఈ నియమం వల్ల మాకు ఇబ్బంది లేదు. ఉద్యోగం మానేసి ఆరు నెలలు పడవలో గడుపుదామనుకునేవారికి మాత్రం ఇదే ముఖ్యం. అందుకే అటువంటివారు సగం కాలం గ్రీసులో, సగం కాలం టర్కీలో వుండేటట్టు ఏర్పాటు చేసుకుంటారు. టర్కీ లెక్క వేరు.

పడవకి ఇంకో గడువుంది. యూరపు యూనియన్ బయట నివసించేవారి పడవ, బయటి రిజిస్ట్రేషన్‌తో వస్తే, అమ్మకపు పన్ను కట్టకుండా 18 నెలలు అక్కడ వుండవచ్చు. ఆలోగా ఒకసారి బయటి దేశపు రేవుకి వెళ్ళివస్తే గడువు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. ఒడ్డుమీద నిద్రపోయిన చలికాలం కూడా ఈ 18 నెలల్లోకి లెక్కే. కోర్ఫూ దీవికి ఎదురుగా, కళ్ళకి కనిపించేంత దూరంలో అల్బేనియా రేవు సరాండా వుంది. కనుక రెండో వేసవిలో అక్కడికి ఒకసారి వెళ్ళి కాగితం ముద్ర వేయించుకుని రావాలన్నది మా పథకంలో వుంది.

మా మూడు కుటుంబాల్లో ఒకరివి ఇంకా భారత పాస్‌పోర్టులే. 2020 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు కూడా నీలమే కనుక బల్లమీద పెడితే రెండూ కవల పిల్లల్లా వుంటాయి. కాని అధికారి చేతిలో పడ్డాక కవలలు కాదు. భారత పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. దాని మీద ఒక్కసారి ప్రవేశం అని వుంటే, మధ్యలో ఇలా సరాండాకో టర్కీకో వెళ్ళారా, ఇక తిరిగి రావడానికి లేదు. ఏజియన్‌లో గ్రీకు దీవికీ టర్కీ ఊరికీ మధ్య అటూ ఇటూ తిరిగే కార్యక్రమం వేసుకునేవారు పలుమార్లు ప్రవేశించే వీసా వుందో లేదో ముందు చూసుకోవాలి. తెనాలి నుంచి ఒకరి తల్లిగారు, మా పిల్లలందరికీ మామ్మగారు, రాబోయే రెండు వేసవులూ మాతో పడవలో గడపాలని ఆశపడుతున్నారు. బ్రిటన్‌కి చూడటానికి వచ్చేవారు షెంగెన్ వీసా సాధారణంగా స్వదేశంలోనే తీసుకుని రావాలి. కనుక ఆవిడ కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టాం. సరాండా వెళ్ళేరోజున మాత్రం ఆవిడా, ఒకే ప్రవేశమున్న మరెవరైనా, కోర్ఫూలో దిగి వుంటారు.

మామ్మగారు వస్తారన్నది మా నిర్ణయంలో చిన్న అంశం కాదు. ఆవిడ వయసు డెబ్బై దాటింది. మోకాళ్ళ నొప్పులు. మధ్యధరాలో ఆటుపోట్లు తక్కువ కనుక పడవల్ని గట్టుకి వెనకభాగం ఆనించి, ముందు లంగరు వేసి కట్టడం ఆనవాయితీ. గట్టుకీ పడవకీ మధ్య ఒక పలక వేస్తారు. దాని మీద నడవాలి. అలజడి లేని సాయంత్రం రేవుల్లో ఇద్దరు చెయ్యి పట్టుకుంటే ఆవిడ నడవగలరు. మెల్టెమిలో ఎగిరి పడుతున్న పడవనుంచి నడవలేరు. ఇక వైద్యులం కనుక ఆస్పత్రులు ఎక్కడున్నాయో చూడకుండా మాకు నిద్రపట్టదు. అయోనియన్ పక్క కోర్ఫూ, ప్రెవేజా, లెఫ్కాడా, కెఫలోనియా, జాకింథోస్ అన్నింటా జనరల్ ఆస్పత్రులున్నాయి. బ్రిటన్‌లో నివసించేవారికి ఇచ్చే గ్లోబల్ ఆరోగ్య కార్డు గ్రీసులో చెల్లుతుంది, టర్కీలో చెల్లదు. చూడటానికి వచ్చిన పెద్దవారికి ఆ కార్డు లేదు కనుక వాళ్ళకి ఎక్కడైనా ఇన్సూరెన్సు తప్పదు.

చలికాలపు చోట్లు రెండు రకాలు. పడవలోనే కాపురముండేవారికి ఊరు కావాలి: కూరగాయల బజారు, బస్సు, తోటివాళ్ళు. అటువంటివారు సిసిలీ దక్షిణాన మరీనా ది రగూజాలో, టర్కీలో నారింజలకి పేరుపడ్డ ఫినికేలో, కొండల మధ్య దాదాపు మూసుకున్న అఖాతమైన మర్మారిస్‌లో గుంపులుగా చలికాలం గడుపుతారు. మనలాగ తాళం వేసి వచ్చేసేవారికి ఊరు అక్కర్లేదు. మంచి యార్డు, పెద్ద క్రేను, నమ్మకమైన కాపలా, దగ్గర్లో విమానాశ్రయం వుంటే చాలు.

నీళ్ళల్లో వదలాలా, ఒడ్డెక్కించాలా అన్నదానిమీద మాకు సందేహం లేదు. నీళ్ళల్లో వుంటే మోకులు రాపిడికి అరుగుతాయి, అడుగున నాచు పట్టుతుంది, పంపు ఒకటి ఆగితే ఎవరికీ తెలియదు. దగ్గరుండి చూసేవారుంటే సరే. లేనప్పుడు ఒడ్డే మేలు. ఒడ్డుకీ దాని రోగాలు దానికున్నాయి. కర్ర ఊతల మీద నిలబెట్టిన పడవ గాలికి ఒరగవచ్చు. అయోనియన్ దీవులు భూకంపాల ప్రాంతం. 2014 మొదట్లో కెఫలోనియాలోనూ, 2015 నవంబరు 17న లెఫ్కాడాలోనూ తీవ్రత ఆరు దాటిన భూకంపాలు వచ్చాయి. అందుచేత యార్డువాళ్ళని మొదట అడగవలసింది అద్దె కాదు, పడవని ఇనుప చట్రంలో కూర్చోబెడతారా, విడి ఊతలతో సరిపెడతారా అని. తెరచాపలు విప్పి లోపల పెట్టడం, ఇంజనులో ఉప్పునీరు పోగొట్టి మంచినీళ్ళు పట్టించడం, ఆవిరి చేరకుండా డీజిలు ట్యాంకు నింపడం మామూలే. మరిచిపోకూడనిది, పైన నీళ్ళు పోయే కన్నాలు. సహారా దుమ్మూ ఆకులూ అడ్డుపడితే వాన నీరు లోపలికి దిగుతుంది, వసంతంలో చూస్తే పరుపులు తేలుతూ వుంటాయి. హెసియడ్ బిరడా తీసెయ్యమన్నది ఇందుకే. నెలకొకసారి ఒక మనిషి ఎక్కి చూసేటట్టు డబ్బిచ్చి ఒప్పందం చేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ఎప్పుడు ఒడ్డెక్కించాలన్నదీ ఆలోచించాలి. మధ్యధరాలోనూ మన వాయుగుండాల వంటివి అరుదుగా పుడతాయి. మెడికేన్ అంటారు. 2020 సెప్టెంబరు 17, 18 తేదీల్లో ఇయానోస్ అనే మెడికేన్ సరిగ్గా కెఫలోనియా, ఇథాకా, జాకింథోస్ దీవుల మీద పడింది. రేవుల్లో కట్టివున్న పడవలు ఎన్నో మునిగాయి, ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బంగాళాఖాతం పక్కన పుట్టినవాళ్ళకి వేసవి చివర వేడెక్కిన సముద్రం ఏం చెయ్యగలదో వేరే చెప్పనక్కర్లేదు. బడులు తెరిచేసరికి మేము ఎలాగూ తిరిగి రావాలి. కనుక సెప్టెంబరు మొదటి వారంలోనే పడవ క్రేను ఎక్కాలని నియమం పెట్టుకున్నాం. సెప్టెంబరు సెలవు దొరికినా సరే, ఆ నియమం మారదు.

ఇవన్నీ చూశాక మా పడవకి అంబ్రేషియన్ అఖాతం ముఖద్వారంలో, ప్రెవేజాకి ఎదుటి గట్టున వున్న ఆక్టియో నిశ్చయమైంది. అక్కడ యార్డులు పక్కపక్కనే వున్నాయి, విమానాశ్రయం కొద్ది దూరంలోనే వుంది. వేసవిలో ఇంగ్లండు నుంచి నేరుగా విమానాలు దిగుతాయి. చలికాలంలో అత్యవసరమైతే ఏథెన్సులో దిగి ఐదారు గంటలు బస్సులో పోవాలి. అది ఈ చోటుకున్న లోపం. క్రీస్తుపూర్వం 31లో ఆక్టేవియన్ చేతిలో ఆంటోనీ, క్లియోపాట్రాల నౌకాదళం ఓడిపోయింది ఈ నీళ్ళల్లోనే. గెలిచినవాడు ఓడిన ఓడల కంచు ముక్కులు కోసి, దగ్గర్లోనే నికోపోలిస్‌లో విజయచిహ్నంగా నిలిపాడు. ఇప్పుడు అఖాతంలో డాల్ఫిన్లు, సముద్రపు తాబేళ్ళు తిరుగుతుంటాయి.

మాలో ఒకరికి ఈ తీర్మానం పూర్తిగా నచ్చలేదు. ఆయనకి టర్కీ దక్షిణ తీరం మీద మనసు. కెకోవా దగ్గర నీళ్ళ అడుగున కనిపించే పాత ఊరి గోడలు, పైన్ చెట్లు నీటిదాకా దిగిన అఖాతాలు ఆయన మరిచిపోలేదు. ఆయన కోరిక అన్యాయమైనది కాదు. అందుకని ఒప్పందం ఇలా రాసుకున్నాం: మొదటి రెండు వేసవులు అయోనియన్‌లో, మామ్మగారు రాగలిగినన్నాళ్ళు. పిల్లలు గట్టిపడి, మనకి జూన్ నెలలో సెలవు అడిగే యోగ్యత వచ్చాక, ఏజియన్ దాటి మర్మారిస్. అప్పుడు చలికాలపు చోటు కూడా అక్కడికే మారుతుంది.

ఇదే అందరికీ సరైన జవాబని మేము చెప్పడం లేదు. పిల్లలు లేనివారికి, పదవీ విరమణ చేసినవారికి, పాస్‌పోర్టు వేరైనవారికి జవాబు వేరే వస్తుంది. ప్రశ్నల వరస మాత్రం మార్చకండి. పడవ ఎక్కడ పడుకోవాలి? మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుంది, ఆ నెలలో అక్కడ గాలి ఏమిటి? మీతో వచ్చే వారిలో అందరికంటే బలహీనమైన కాగితమూ, అందరికంటే బలహీనమైన మోకాలూ ఎవరివి? ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాక పటం తెరవండి. అందమైన దీవులు ఎక్కడికీ పోవు.